పాస్‌వర్డ్ బలాన్ని కోడ్‌లో తనిఖీ చేయడం: నియమాలు రాసే దగ్గర నుంచి టెస్టుల దాకా

ఇంగ్లిష్‌లో హైదరాబాద్ అని టైపు చేయండి. మొదటి అక్షరాన్ని పెద్దది చేసి, చివర @123 తగిలించండి. మొత్తం 13 అక్షరాలు. పెద్ద అక్షరం, చిన్న అక్షరాలు, అంకెలు, గుర్తు, అన్నీ ఉన్నాయి. కోడ్ రివ్యూకు నా దగ్గరికి వచ్చే తనిఖీ ఫంక్షన్లలో చాలా వరకు దీన్ని "బలమైన పాస్‌వర్డ్" అంటూ పచ్చగీతతో లోపలికి పంపుతాయి. ఈ ఊరివాళ్ల ఖాతాలు తెరవాలనుకునేవాడు ముందుగా వేసి చూసే మాటల్లో ఇదొకటి.

"అన్ని నియమాలూ పాసయ్యాయి కదా అక్కా, ఇంకేమి కావాలి?" అని మా మాదాపూర్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు అడుగుతూనే ఉంటారు. అమీర్‌పేటలో పాఠం చెప్పడానికి వెళ్లినప్పుడూ అదే ప్రశ్న. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరి వరకు వరుసగా రాస్తున్నాను. మీరు వాడేది పైథానైనా, జావా అయినా, జావాస్క్రిప్టైనా వరుస మారదు. కోడ్‌ను తెలుగు మాటల్లోనే చూపిస్తాను, మీ భాషలోకి మార్చుకోండి. ఉదాహరణ పాస్‌వర్డ్‌లను కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. తెలుగు లిపి అని ప్రత్యేకంగా చెప్పని చోట వాటిని ఇంగ్లిష్ కీబోర్డు మీద కొట్టినట్టు అనుకోండి.

## 1. ఎడిటర్ తెరవక ముందు: నియమాలను కాగితం మీద పెట్టండి

చాలా తప్పులు కోడ్‌లో కాదు, ఇక్కడే పుడతాయి. పాత ప్రాజెక్టులోని నియమాలనే తెచ్చి అతికించడం అలవాటైపోయింది. ముందు ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

- ఖాతాకు పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణా, ఓటీపీ లాంటి రెండో అంచె ఉందా?
- కార్డు చెల్లింపుల సమాచారం ఈ సాఫ్ట్‌వేర్‌లో ఉందా?
- పాస్‌వర్డ్‌ను ఏ పద్ధతిలో హ్యాష్ చేసి (తిరిగి చదవలేని రూపంలోకి మార్చి) దాస్తున్నారు?
- వాడేవారు తెలుగు లిపిలో టైపు చేసే అవకాశం ఉందా?
- ప్రతి నియమాన్నీ ఎవరు అడిగారు? క్లయింటా, ఆడిటరా, ఏదైనా ప్రమాణమా, ఎవరికీ గుర్తులేని పాత పత్రమా?

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన 800-63బి పత్రాన్ని 2025లో సవరించింది. పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణ అయితే కనీసం 15 అక్షరాలు, రెండో అంచె కూడా ఉంటే కనీసం 8 ఉండాలని అందులో చెప్పింది. పెద్ద అక్షరం, అంకె, గుర్తు కలపాలని బలవంతం చేయకూడదని, పాస్‌వర్డ్ బయటపడినట్టు ఆధారం లేకుండా గడువు పెట్టి మార్పించకూడదని కూడా అదే పత్రం చెబుతుంది.

కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ 4.0.1 దారి వేరు. దాని ప్రకారం కనీసం 12 అక్షరాలుండాలి, అక్షరాలూ అంకెలూ రెండూ ఉండాలి, గత 4 పాస్‌వర్డ్‌లలో ఏదీ మళ్లీ రాకూడదు. ఈ రెండు ప్రమాణాలూ ఒకే మాట చెప్పవు. కాబట్టి ప్రతి నియమం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. రేపు ఆడిటర్ వచ్చి "ఈ 12 ఎక్కడిది?" అంటే చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది.

నియమాన్ని లెక్కకు అందే వాక్యంగా రాయాలి. "పాస్‌వర్డ్ బలంగా ఉండాలి" అన్నది నియమం కాదు. "సాధారణ రూపంలోకి మార్చాక కనీసం 12 కోడ్ పాయింట్లు ఉండాలి" అన్నది నియమం, ఎందుకంటే దానికి టెస్టు రాయవచ్చు. (కోడ్ పాయింట్ అంటే యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య. సాధారణ రూపం సంగతి 3వ భాగంలో చూద్దాం.)

## 2. తనిఖీ ఒకే చోట, ఒకే వరుసలో

నియమాల విలువలు ఒక అమరికల ఫైలులో ఉండాలి, తనిఖీ సర్వర్‌లో ఒకే ఫంక్షన్‌లో జరగాలి. ఖాతా తెరవడం, పాస్‌వర్డ్ మార్చడం, మరచిపోతే కొత్తది పెట్టుకోవడం, అడ్మిన్ పెట్టి ఇవ్వడం, ఈ నాలుగు దారులూ ఆ ఫంక్షన్ గుండానే పోవాలి. నేను చూసినంతలో తరచుగా తెరిచి ఉండిపోయేది మూడో దారి. ఖాతా తెరిచే పేజీలో 12 అక్షరాలు అడిగి, మరచిపోయిన వారి పేజీలో 6 చాలనే సాఫ్ట్‌వేర్‌కు 6 అక్షరాల నియమమే ఉన్నట్టు.

వరుస ఇలా ఉండాలి:

```
పాస్‌వర్డ్_తనిఖీ(ముడి, వాడుకరి, విధానం):
    ముడి పొడవు గరిష్ఠాన్ని దాటితే → వెంటనే ఆపి "చాలా పొడవు" ఇవ్వు
    మాట = సాధారణ_రూపం(ముడి)
    లోపాలు = ఖాళీ జాబితా
    కనీస పొడవు చూడు          → లోపముంటే జాబితాలో చేర్చు
    అక్షర రకాలు చూడు          → లోపముంటే చేర్చు
    వ్యక్తిగత వివరాలు చూడు     → లోపముంటే చేర్చు
    నిషేధ జాబితా చూడు        → లోపముంటే చేర్చు
    లోపాలు ఉంటే → అన్నీ కలిపి తిరిగి ఇవ్వు
    లీకైన పాస్‌వర్డ్‌లలో ఉందేమో చూడు
    పాత పాస్‌వర్డ్‌లతో పోల్చు
    ఫలితం తిరిగి ఇవ్వు
```

చౌకగా అయ్యే తనిఖీలు ముందు, ఖరీదైనవి తర్వాత. లీకైన వాటిని చూడాలంటే నెట్‌వర్క్ దాటాలి, పాత వాటితో పోల్చాలంటే నెమ్మదిగా నడిచే హ్యాష్‌ను నాలుగైదు సార్లు నడపాలి. 5 అక్షరాల పాస్‌వర్డ్ కోసం ఆ శ్రమ దండగ.

చౌక తనిఖీల్లో మాత్రం మొదటి లోపం దగ్గరే ఆగకండి. ఒకటి సరిచేసి నొక్కితే రెండోది, అది సరిచేస్తే మూడోది చెప్పే పేజీ మనిషిని విసిగిస్తుంది. విసిగినవాడు ముందున్న మాటకు ఒక 1, ఒక ! తగిలించి బయటపడతాడు.

తరచు జరిగే తప్పు: అన్ని నియమాలనూ ఒకే పెద్ద రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాల తీరును వర్ణించే సూత్రంలో) ఇరికించడం. అది పాస్ లేదా ఫెయిల్ మాత్రమే చెబుతుంది, ఏ నియమం తప్పిందో చెప్పదు. కొన్నాళ్లకు దాన్ని ముట్టుకోవడానికి రాసినవాళ్లే జంకుతారు. నియమానికొక చిన్న ఫంక్షన్ రాయండి.

బ్రౌజర్‌లో జరిగే తనిఖీ వాడేవారి సౌకర్యం కోసమే, తీర్పు సర్వర్‌దే. అలాగని ప్రతి అక్షరం టైపు చేసినప్పుడల్లా పాస్‌వర్డ్‌ను సర్వర్‌కు పంపి అడగకండి.

## 3. ముడి పాస్‌వర్డ్‌ను సాధారణ రూపంలోకి తేవడం

తెలుగువారి కోసం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఈ మెట్టు దాటేస్తే ఎప్పుడో ఒకప్పుడు తలనొప్పి తప్పదు. మేం ఒక ప్రాజెక్టులో దాటేశాం, అనుభవించాం.

ఫిర్యాదు చిన్నదే. "ఫోనులో లాగిన్ అవుతోంది, ఆఫీసు కంప్యూటర్‌లో కావడం లేదు." పాస్‌వర్డ్ తెలుగు లిపిలో ఉంది, అందులో రాజ్‌కుమార్ అనే పేరు ఉంది. ఒక కీబోర్డు పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను పెడుతోంది, రెండోది పెట్టడం లేదు. మామూలు పెట్టెలో అయితే ఒకటి "రాజ్‌కుమార్" అనీ, మరొకటి "రాజ్కుమార్" అనీ కనిపించి తేడా తెలిసిపోయేది. పాస్‌వర్డ్ పెట్టెలో కనిపించేవి చుక్కలే. ఆ తేడా పట్టుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది.

"హై" అనే అక్షరంలోనూ ఇలాంటి చిక్కు ఉంది. యూనికోడ్‌లో ఐత్వానికి ఒకే కోడ్ పాయింట్ ఉంది. దాన్నే ఎత్వం, దాని కింద వచ్చే ఐత్వపు గుర్తు అని రెండు కోడ్ పాయింట్లుగా కూడా రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే, బైట్లు వేరు, కాబట్టి హ్యాష్ వేరు.

చేయవలసినవి:

- ఎన్ఎఫ్‌కేసీ పద్ధతిలో యూనికోడ్ సాధారణీకరణ చేయండి, అంటే ఒకే అక్షరాన్ని వేరువేరుగా రాసినా ఒకే రూపంలోకి తేండి. విడిపోయిన ఐత్వం మళ్లీ ఒక్కటవుతుంది.
- జీరో విడ్త్ నాన్ జాయినర్, జీరో విడ్త్ జాయినర్ రెంటినీ తీసేయండి. ఎన్ఎఫ్‌కేసీ వాటిని ముట్టుకోదు, మీరే తీయాలి.
- ఇదే ఫంక్షన్‌ను పాస్‌వర్డ్ పెట్టేటప్పుడూ, లాగిన్ సమయంలోనూ పిలవండి.
- మధ్యలో ఉన్న ఖాళీలను అనుమతించండి. పొడవైన పదబంధాలను పాస్‌వర్డ్‌గా పెట్టుకునేవారికి అవి కావాలి.
- మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలను కత్తిరించకండి. కత్తిరించి తీరాల్సి వస్తే లాగిన్‌లోనూ అదే చేయండి.

ఇప్పటికే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో దీన్ని కొత్తగా చేరిస్తే పాత హ్యాష్‌లు కొన్ని సరిపోలవు. అందుకు ఒక దారి ఉంది. లాగిన్‌లో ముందు సాధారణ రూపంతో ప్రయత్నించండి, కాకపోతే ముడి రూపంతో ప్రయత్నించండి. ముడి రూపంతో కుదిరితే అక్కడికక్కడే కొత్త రూపంలో హ్యాష్ చేసి దాచండి.

## 4. పొడవు: మీరు లెక్కపెడుతున్నది దేన్ని?

తెలుగు లిపిలో రాసిన "హైదరాబాద్" పొడవు ఎంత? ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వస్తాయి, మూడూ నిజమే.

- కంటికి కనిపించే అక్షరాలు: హై, ద, రా, బా, ద్. మొత్తం 5.
- కోడ్ పాయింట్లు: గుణింతపు గుర్తులు, పొల్లు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి 9.
- యూటీఎఫ్-8 బైట్లు: ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు 3 చొప్పున 27.

కనీస పొడవును కోడ్ పాయింట్లలో లెక్కించండి. పైథాన్‌లో పొడవు ఫంక్షన్ ఇచ్చేది అదే. జావాస్క్రిప్ట్, జావాల్లో వచ్చేది యూటీఎఫ్-16 లెక్క. తెలుగుకు రెండూ ఒకటే, కానీ ఎమోజీ దగ్గర తేడా వస్తుంది. పైథాన్ ఒకటిగా లెక్కపెట్టే ఎమోజీని జావాస్క్రిప్ట్ రెండుగా లెక్కపెడుతుంది. బ్రౌజర్ "12 ఉన్నాయి" అంటే సర్వర్ "11 ఉన్నాయి" అంటుంది. జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్‌ను కోడ్ పాయింట్ల జాబితాగా విడగొట్టి లెక్కపెడితే ఇది తీరిపోతుంది.

గరిష్ఠ పొడవు విషయంలో రెండు వైపులా జాగ్రత్త కావాలి. 16 దాటితే ఒప్పుకోని పెట్టె, నిడివి పెంచుకుని భద్రంగా ఉందామనుకున్న మనిషినే అడ్డుకుంటుంది. కనీసం 64 వరకు అనుమతించాలి. అసలు హద్దే లేకపోతే లక్షల అక్షరాలు పంపి, హ్యాష్ లెక్కలతోనే సర్వర్‌ను కూలదోయవచ్చు. 2013లో జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ సరిగ్గా ఈ లోపానికే భద్రతా సవరణ విడుదల చేయవలసి వచ్చింది. నేను 128 కోడ్ పాయింట్ల దగ్గర గీత గీస్తాను. ఈ తనిఖీ సాధారణీకరణకు కూడా ముందే జరగాలి.

ఇక బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి. మీరు దీన్ని వాడుతుంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లనే చూస్తుంది. ఇంగ్లిష్‌లో అది 72 అక్షరాలు, తెలుగు లిపిలో 24 కోడ్ పాయింట్లు. ఒకరు ఇలా పెట్టారనుకోండి: "చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగి బస్సెక్కాను". చార్మినార్ 30 బైట్లు, ఖాళీ 1, దగ్గర 15, ఖాళీ 1, ఇరానీ 15, ఖాళీ 1. అక్కడికి 63. మిగిలింది 9 బైట్లు, అంటే మూడు కోడ్ పాయింట్లు. "చాయ్" మీది పొల్లు కూడా పట్టదు. "తాగి బస్సెక్కాను" బదులు ఏమి టైపు చేసినా తలుపు తెరుచుకుంటుంది.

కొన్ని లైబ్రరీలు చప్పుడు లేకుండా కోసేస్తాయి, కొన్ని లోపం చూపించి ఆగిపోతాయి. మీది ఏం చేస్తుందో ఇవాళే 80 బైట్ల పాస్‌వర్డ్‌తో చూడండి.

సవరణ: కొత్త ప్రాజెక్టయితే ఆర్గాన్2ఐడీ అనే హ్యాష్ పద్ధతి వాడండి. వెబ్ భద్రత కోసం పనిచేసే సంస్థ ఓవాస్ప్ సూచించే కనీస అమరికల్లో ఒకటి 19 ఎంఐబీ మెమరీ, 2 ఆవృత్తులు, సమాంతరత 1. బీక్రిప్ట్‌తోనే ఉండాల్సి వస్తే కోడ్ పాయింట్లతో పాటు బైట్లనూ లెక్కపెట్టి, 72 దాటితే వాడుకరికి చెప్పండి. ముందుగా ఎస్‌హెచ్ఏ-256 అనే మరో హ్యాష్ చేసి బీక్రిప్ట్‌కు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అందులో మధ్య ఫలితాన్ని బేస్64లోకి (మామూలు అక్షరాల రూపంలోకి) మార్చాలి, లేకపోతే మధ్యలో సున్నా బైటు వచ్చిన చోట కొన్ని లైబ్రరీలు ఆగిపోతాయి.

## 5. అక్షర రకాలు: విధానం అడిగితేనే

నా మట్టుకు నేను ఈ నియమాలు పెట్టను. కానీ క్లయింటు ఒప్పందంలో ఉంటే రాయక తప్పదు, రాసేటప్పుడైనా సరిగా రాయాలి. తెలుగు లిపి దగ్గర మూడు చోట్ల కోడ్ జారుతుంది.

అంకెలు. పైథాన్ 3లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల అంకె గుర్తు ౧, ౨, ౩లను కూడా అంకెలుగానే ఒప్పుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో అదే గుర్తు 0 నుంచి 9 వరకే చూస్తుంది. బ్రౌజర్ కాదన్నది సర్వర్ ఔనంటుంది. ఏవి అంకెలో మీరే స్పష్టంగా రాసి, రెండు వైపులా అదే వాడండి.

పెద్ద, చిన్న అక్షరాలు. తెలుగులో ఆ తేడానే లేదు. పూర్తిగా తెలుగులో పెట్టిన పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా ఈ నియమం దగ్గర ఫెయిలవుతుంది. సంస్థల్లో ఉద్యోగుల ఖాతాలను నడిపే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ దీనికి మంచి దారి చూపింది. అక్కడ ఐదు రకాల్లో ఏవైనా మూడు ఉంటే చాలు, పెద్దా చిన్నా కాని లిపుల అక్షరాలు ఐదో రకం. అదే పద్ధతి తీసుకోండి.

గుర్తులు. "అక్షరమూ అంకే కానిదంతా ప్రత్యేక గుర్తే" అని రాసే అలవాటు చాలామందికి ఉంది. పైథాన్ దృష్టిలో గుణింతపు గుర్తులు, పొల్లు అక్షరాలు కావు. కాబట్టి "హైదరాబాద్"లో ఐత్వం, రెండు దీర్ఘాలు, పొల్లు కలిసి నాలుగు ప్రత్యేక గుర్తులు ఉన్నట్టు లెక్క వస్తుంది! యూనికోడ్ వర్గాన్ని అడిగి, విరామ చిహ్నాలు, సంకేతాలు అనే వర్గాలను మాత్రమే గుర్తులుగా తీసుకోండి.

## 6. నిషేధ జాబితా: అసలు బలం ఇక్కడే

అమీర్‌పేటలో ఒక బ్యాచ్‌కు చీటీలు పంచి, "మీ సొంతది కాకుండా, నియమాలన్నీ పాసయ్యే పాస్‌వర్డ్ ఒకటి రాయండి" అన్నాను. చీటీలు విప్పితే ఊరి పేరు, ఇంటి పేరు, పుట్టిన ఏడు, చివర @123. ఇవే మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకరిని చూసి ఒకరు రాసినవి కావు. దాడి చేసేవాడికి కావలసింది ఈ పోలికే.

తయారుగా దొరికే జాబితాలతో మొదలుపెట్టండి. జాంగోలో 20,000 మామూలు పాస్‌వర్డ్‌ల జాబితా ముందే ఉంటుంది. కానీ ఆ జాబితాలు మన కోసం తయారుచేసినవి కావు. వాటికి మీరు చేర్చవలసినవి:

- ఊళ్లు, పేటలు, మెట్రో స్టేషన్లు: హైదరాబాద్, సికింద్రాబాద్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్, నాగోల్
- చార్మినార్, గోల్కొండ, బిర్యానీ, బోనాలు, బతుకమ్మ
- దేవుళ్ల పేర్లు, తెలుగువారి ఇంటి పేర్లు, పిలుపు పేర్లు, సినిమా హీరోల పేర్లు
- మీ సంస్థ పేరు, సాఫ్ట్‌వేర్ పేరు, వాటి పొట్టి రూపాలు
- 500తో మొదలయ్యే ఆరంకెల పిన్ కోడ్‌లు (మాదాపూర్ 500081 లాంటివి)
- బండి నంబర్ల తీరు: ఏపీ 09, టీఎస్ 09, 2024 మార్చి నుంచి టీజీ 09
- కీబోర్డు వరుసలు, 123456 లాంటి వరుస అంకెలు, ఒకే అక్షరం పునరావృతం

తెలుగు పేర్లను ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒక్క స్పెల్లింగుతో సరిపెట్టుకోకండి. లక్ష్మిని కేఎస్‌హెచ్‌తోనూ రాస్తారు, ఎక్స్‌తోనూ రాస్తారు. శ్రీనులో ఒకరు ఐ వేస్తే ఒకరు రెండు ఈలు వేస్తారు. జాబితా తయారుచేసేటప్పుడే ఈ రూపాలన్నీ పుట్టించి పెట్టుకుంటే, తనిఖీ సమయంలో వెతకడం తేలిక.

ఇప్పుడు పోలిక. ముడి మాటను జాబితాలో వెతికితే సరిపోదు. "చార్మినార్" అనే మాటలో ఏ బదులు @, ఐ బదులు 1 వేసి, చివర #2024 పెట్టారనుకోండి. 14 అక్షరాలు, అన్ని రకాలూ ఉన్నాయి. దాన్ని ఒలిచి చూడాలి:

1. అన్నీ చిన్న అక్షరాలు చేయండి.
2. చివర, మొదట ఉన్న అంకెలనూ గుర్తులనూ తీసేయండి. #2024 పోతుంది.
3. మిగిలిన దానిలో మారువేషాలు విప్పండి: @ అంటే ఏ, 0 అంటే ఓ, 3 అంటే ఈ, $ అంటే ఎస్. 1 మాత్రం ఐ కావచ్చు, ఎల్ కావచ్చు, రెండూ ప్రయత్నించండి.
4. వచ్చిన మాట జాబితాలో ఉందేమో చూడండి.

రెండో మెట్టునూ మూడో మెట్టునూ తారుమారు చేయకండి. ముందే మారువేషాలు విప్పితే 2024లోని సున్నా "ఓ" అయిపోతుంది. ఆ తర్వాత తోక పూర్తిగా ఊడదు, మాట జాబితాకు చిక్కదు. ఈ తప్పు నేను ఎన్నో రివ్యూల్లో చూశాను. టెస్టులో అంకెల్లేని ఉదాహరణ పెట్టుకుంటే ఎన్నటికీ బయటపడదు.

ఇంకో తప్పు దీనికి సరిగ్గా ఎదురుది. నిషేధిత మాట ఎక్కడ కనిపించినా కొట్టేయడం. నాలుగైదు మాటల పొడవైన పదబంధంలో హైదరాబాద్ ఒక మాటైతే ప్రమాదం లేదు. నిస్ట్ కూడా పాస్‌వర్డ్ మొత్తాన్నే పోల్చమంటుంది, లోపలి ముక్కలను కాదు. ఒలిచిన తర్వాత మిగిలిన మాట మొత్తం జాబితాలో ఉంటేనే తిరస్కరించండి.

## 7. వ్యక్తిగత వివరాలు

పేరు, యూజర్ పేరు, ఈమెయిల్‌లో @కు ముందున్న భాగం, ఫోను నంబరు, పుట్టిన తేదీ: ఫారంలో ఇచ్చినవాటినే తీసుకుని పై పద్ధతిలో ఒలిచి పోల్చండి. అంకెలే ఉండే ఫోను నంబరు, పుట్టిన తేదీలను మాత్రం ఒలవకుండా పోల్చండి. పేరును ముక్కలు చేసి ఒక్కో ముక్కా లోపల ఎక్కడైనా ఉందేమో చూడండి, కానీ 3 అక్షరాల కంటే చిన్న ముక్కలను వదిలేయండి. లేకపోతే ఇంటి పేరుగా ఒక్క అక్షరం పెట్టుకునేవారికి ఏ పాస్‌వర్డూ కుదరదు.

పుట్టిన తేదీ గురించి ఒక లెక్క. ఎనిమిది అంకెల సంఖ్యలు 10 కోట్లు. వాటిలో 100 ఏళ్ల తేదీలు సుమారు 36,525 మాత్రమే. ఎనిమిది అంకెలూ తేదీగా చదవడానికి వీలైతే అది వాడుకరి తేదీ కాకపోయినా తిరస్కరించండి, పిల్లల పుట్టినరోజు కావచ్చు. 6 నుంచి 9 వరకు ఏ అంకెతోనైనా మొదలయ్యే పదంకెలు మొబైల్ నంబరు. దానికీ అదే తీర్పు.

## 8. లీకైన పాస్‌వర్డ్‌లలో ఉందా?

హ్యావ్ ఐ బీన్ ప్వన్‌డ్ సేవలో పాస్‌వర్డ్‌ను బయటికి పంపకుండానే అడిగే ఏర్పాటు ఉంది. పాస్‌వర్డ్‌ను ఎస్‌హెచ్ఏ-1 చేస్తే 40 హెక్సా అంకెలు వస్తాయి. మొదటి 5 మాత్రమే పంపుతారు. ఆ ఐదింటితో మొదలయ్యే హ్యాష్‌ల మిగతా భాగాలన్నీ జాబితాగా తిరిగి వస్తాయి. మన 35 అంకెలు అందులో ఉన్నాయో లేదో మన సర్వర్‌లోనే చూసుకుంటాం.

- ఈ పని సర్వర్ నుంచి చేయండి, ఒకటి రెండు సెకన్ల గడువు పెట్టండి.
- సేవ అందకపోతే ఏం చేయాలో ముందే నిర్ణయించండి. నేనైతే ఖాతా తెరవనిచ్చి, తదుపరి లాగిన్‌లో మళ్లీ చూడాలని గుర్తు పెడతాను.
- ఎస్‌హెచ్ఏ-1 ఇక్కడ వెతకడానికే. దాచడానికి కాదు.

## 9. బలం స్కోరు

డ్రాప్‌బాక్స్ విడుదల చేసిన జెడ్ఎక్స్‌సీవీబీఎన్ లైబ్రరీ 0 నుంచి 4 వరకు స్కోరిస్తుంది. మంచి సాధనమే, కానీ అది తెచ్చే నిఘంటువులు ఇంగ్లిష్‌వి. కూకట్‌పల్లి దానికి ఊరు కాదు, అర్థం లేని అక్షరాల గుంపు, అందుకే స్కోరు ఎక్కువ చూపిస్తుంది. ఆరో మెట్టులో తయారుచేసిన జాబితాను దానికి అదనపు మాటలుగా ఇవ్వండి. స్కోరును రంగు గీత కోసం వాడండి, ఆడిట్‌కు చూపాల్సిన నియమంగా వాడకండి.

## 10. పాత పాస్‌వర్డ్‌లతో పోలిక

పాత హ్యాష్‌లు ఒక్కోటి ఒక్కో సాల్ట్‌తో (హ్యాష్ చేసేటప్పుడు కలిపే యాదృచ్ఛిక విలువతో) ఉంటాయి. కొత్త పాస్‌వర్డ్‌ను ఒక్కసారి హ్యాష్ చేసి అన్నిటితో పోల్చడం కుదరదు. ప్రతి పాత హ్యాష్‌కూ లైబ్రరీ ఇచ్చే సరిచూసే ఫంక్షన్‌ను విడిగా పిలవాలి.

"పాతదానికి దగ్గరగా ఉండకూడదు" అని క్లయింటు అడిగితే, హ్యాష్‌లతో అది అసాధ్యమని చెప్పండి. దాని కోసం పాతవాటిని తిరిగి చదవగలిగే రూపంలో దాచమంటే ససేమిరా ఒప్పుకోకండి. మార్చే ఫారంలో ప్రస్తుత పాస్‌వర్డ్ ఎలాగూ టైపు చేస్తారు కాబట్టి ఆ ఒక్కదానితో పోలిక చూడవచ్చు. అంతవరకే.

## 11. లోపం చెప్పే మాటలు

తనిఖీ ఫంక్షన్ వాక్యాలు కాదు, లోపాల సంకేతాలు ఇవ్వాలి. వాక్యాలు భాషల ఫైలులో ఉండాలి. "చెల్లని పాస్‌వర్డ్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి:

- "ఇంకా 3 అక్షరాలు కావాలి."
- "ఇందులో మీ పేరు ఉంది. పేరుతో సంబంధం లేని మాటలు వాడండి."
- "ఇది సులువుగా ఊహించగలిగే మాట. సంబంధం లేని నాలుగు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి."

నియమాలు పెట్టె కింద ముందే కనిపించాలి, తప్పు చేశాక కాదు. టైపు చేసింది చూసుకునే కన్ను గుర్తు ఉండాలి. పేస్ట్ చేయడాన్ని ఆపకండి, పాస్‌వర్డ్ మేనేజర్ వాడే జాగ్రత్తపరులను శిక్షించినట్టవుతుంది.

## 12. లాగ్‌లు

తనిఖీలో ఫెయిలైన పాస్‌వర్డ్‌ను లాగ్‌లో రాయకండి. ఫెయిలైనదే కదా అనిపిస్తుంది, కానీ పాసైనది దానికి ఒక్క అక్షరం దూరంలోనే ఉంటుంది. లోపం సంకేతం ఒక్కటి రాస్తే చాలు. వచ్చిన రిక్వెస్ట్ మొత్తాన్ని లాగ్ చేసే మిడిల్‌వేర్ ఉందేమో వెతకండి, సాధారణంగా లీకయ్యేది అక్కడే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంటుంది.

## 13. టెస్టులు

ప్రతి నియమానికీ సరిహద్దుకు ఒకటి ఇటు, ఒకటి అటు రాయండి. కనీసం 12 అయితే 11, 12. గరిష్ఠం 128 అయితే 128, 129. ఆ పైన ఇవి తప్పనిసరి:

- [ ] హైదరాబాద్@123 తిరస్కరణకు గురవుతోంది
- [ ] మారువేషం వేసిన చార్మినార్#2024 తిరస్కరణకు గురవుతోంది
- [ ] హైదరాబాద్ ఒక మాటగా ఉన్న ఐదు మాటల పదబంధం పాసవుతోంది
- [ ] తెలుగు లిపి "హైదరాబాద్" పొడవు బ్రౌజర్‌లోనూ సర్వర్‌లోనూ 9
- [ ] ఐత్వాన్ని విడగొట్టి పెట్టినా, కలిపి పెట్టినా లాగిన్ అవుతోంది
- [ ] జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉన్నా లేకపోయినా లాగిన్ అవుతోంది
- [ ] 72 బైట్ల తర్వాత ఒక్క అక్షరం మారిస్తే లాగిన్ కావడం లేదు
- [ ] చివర ఖాళీ ఉన్న పాస్‌వర్డ్ పెట్టి, అలాగే టైపు చేస్తే లాగిన్ అవుతోంది
- [ ] లీకుల సేవను ఆపి చూసినా ఖాతా తెరవడం ఆగిపోవడం లేదు
- [ ] పాస్‌వర్డ్ మరచిపోయినవారి పేజీ కూడా ఇవే లోపాలు చూపిస్తోంది
- [ ] టెస్టులన్నీ నడిపాక లాగ్ ఫైలులో ఆ పాస్‌వర్డ్‌ల కోసం వెతికితే ఏదీ దొరకడం లేదు

కొత్త నియమాలు విడుదల చేసిన రోజు పాత వాడుకరులను బయట నిలబెట్టకండి. వారి పాస్‌వర్డ్ మీ చేతికి వచ్చేది లాగిన్ క్షణంలోనే. లాగిన్ సరైనదని తేలాక అదే ఫంక్షన్‌తో చూసి, ఫెయిలైతే లోపలికి రానిచ్చి, మార్చుకోమని అడగండి. ఆ పేజీకి "తర్వాత" అనే బటన్ ఎన్నిసార్లు చూపాలన్నది కూడా అమరికల ఫైలులోనే పెట్టండి. మేం మూడుసార్లు ఇస్తున్నాం.